రాని ఓడల రేవు

1962లో పారిస్‌లో స్పానిష్ భాషలో అచ్చయిన ఒక లావుపాటి పుస్తకం పిరనీస్ కొండలు దాటి దొంగచాటుగా స్పెయిన్‌లోకి వెళ్లేది. పెట్టెల అడుగున బట్టల మధ్య దాచి తీసుకెళ్లేవారు. సరిహద్దు దగ్గర దొరికితే జైలే. బాంబులు చేసే విద్య అందులో లేదు, ప్రభుత్వాన్ని కూలదోయమన్న పిలుపూ లేదు. పాతికేళ్ల కిందట తమ ఊళ్లో, తమ వీధిలో, కొందరికైతే తమ ఇంట్లోనే ఏం జరిగిందో ఉంది. స్పెయిన్ వాళ్లు తమ కథ తాము చదువుకోవడానికి ఒక పరాయి దేశస్థుడు రాసిన పుస్తకాన్ని ఇంకో పరాయి దేశం నుంచి దాచి తెచ్చుకోవలసి వచ్చింది.

ఆ పుస్తకం 'ద స్పానిష్ సివిల్ వార్'. రాసినవాడు హ్యూ థామస్. బ్రిటిష్ విదేశాంగ శాఖలో ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు. 1961లో లండన్‌లో పుస్తకం వెలువడేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. స్పెయిన్‌లో రిపబ్లిక్ పుట్టిన 1931లోనే తనూ పుట్టాడు. ఆ యుద్ధంతో ఆయనకు రక్తసంబంధం లేదు, తీర్చుకోవలసిన పగ లేదు. రెండు పక్షాల వాళ్లనూ కలిశాడు, రెండు పక్షాల కాగితాలూ చదివాడు, రెండు పక్షాలు చేసిన హత్యలనూ ఒకే అట్టల మధ్య రాశాడు. ఫ్రాంకో పాలనలో బడిపిల్లలకు ఆ యుద్ధాన్ని పవిత్ర మతయుద్ధంగా నూరిపోసేవారు. ఓడినవాళ్ల ఇళ్లలో పెద్దలు ఆ మాటే ఎత్తేవారు కారు. అలాంటి చోట ఈ పుస్తకం ఎంత భయపెట్టిందంటే, 1965 ప్రాంతంలో ఫ్రాంకో ప్రభుత్వం సమాచార శాఖలో ఒక ప్రత్యేక విభాగమే పెట్టింది. ఇలాంటి పుస్తకాలకు జవాబులు రాయించడం దాని పని.

ఆ పుస్తకం తెరుచుకునేది 1936 జూన్ 16న, మాడ్రిడ్ పార్లమెంటులో. ప్రతిపక్ష నాయకుడు గిల్ రోబ్లెస్ లేచి, తగలబడిన చర్చిలనూ జరిగిన హత్యలనూ సమ్మెలనూ లెక్కలతో సహా చదువుతాడు. ఇంకో ప్రతిపక్ష నేత కాల్వో సొతేలో నిలబడి ప్రభుత్వాన్ని దులిపేస్తాడు. ఏదైనా జరిగితే బాధ్యత మీదేనని ప్రధానమంత్రి కసారెస్ కిరోగా ఆయన్ని హెచ్చరిస్తాడు. నెల తిరగకుండానే కాల్వో సొతేలోను పోలీసులే అర్ధరాత్రి ఇంట్లోంచి తీసుకెళ్లి, వ్యానులోనే మెడలో కాల్చి చంపేశారు. ఆ సభలో అరుచుకున్నవాళ్లలో ఎవరికీ అది తమ ఆఖరి నెల అని తెలియదు. ఆ సన్నివేశం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. అప్పటికింకా అంతా మాటల్లోనే ఉంది. వెనక్కి తగ్గడానికి దారి ఇంకా ఉంది.

ఆ రిపబ్లిక్ వచ్చిన తీరు తెలిస్తేనే పోయిన తీరు గుండెను పిండుతుంది. 1931 ఏప్రిల్ 12న జరిగినవి మునిసిపల్ ఎన్నికలు మాత్రమే. పట్టణాల్లో రాజరికం ఓడిపోయింది. రెండు రోజులకే రాజు పదమూడో అల్ఫోన్సో దేశం వదిలి వెళ్లిపోయాడు. ఒక్క తుపాకీ పేలలేదు. మాడ్రిడ్ వీధుల్లో జనం ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఆ ఏడే రాసుకున్న రాజ్యాంగంలో యుద్ధాన్ని దేశ విధానంగా చేపట్టబోమని రాసుకున్నారు. ఆడవాళ్లకు ఓటు ఇచ్చారు. ఆ హక్కు కోసం సొంత పార్టీనే ఎదిరించి సభలో ఒంటరిగా వాదించింది క్లారా కంపొఅమోర్ అనే లాయరు. బళ్లు కట్టారు. కరెంటు మొహం చూడని కొండపల్లెలకు గాడిదల మీద పుస్తకాలూ, సినిమా యంత్రాలూ, మహా చిత్రకారుల బొమ్మల నకళ్లూ మోయించారు. కవి లోర్కా విద్యార్థులను వెంటేసుకుని లారీ మీద ఊరూరా తిరిగి నాటకాలు ఆడించాడు. పేద దేశం చదువుకోవాలని ఇంతగా ఆరాటపడిన ఘట్టాలు చరిత్రలో ఎన్నో లేవు.

కానీ భూమి మాట అలాగే మిగిలిపోయింది. దక్షిణాన అండలూసియాలో, పడమట ఎస్త్రెమదూరాలో వేల ఎకరాలు ఒక్కో కామందు చేతిలో ఉండేవి. కూలీలు పొద్దున్నే ఊరి కూడలిలో నిలబడితే మేస్త్రీ వచ్చి వేలు చూపించి ఎంచుకునేవాడు. ఎంచుకోనివాడికి ఆ రోజు తిండి లేదు. 1932లో భూసంస్కరణ చట్టం వచ్చింది గానీ నత్తనడక నడిచింది. కామందులకు కోపం తెప్పించేటంత గట్టిగా ఉంది, కూలీ కడుపు నింపేటంత గట్టిగా లేదు. చర్చి ఆస్తుల మీదా, మతపు బడుల మీదా తెచ్చిన చట్టాలు భక్తులైన మామూలు జనాన్ని దూరం చేశాయి. సైన్యంలో అవసరానికి మించి ఉన్న అధికారులను తగ్గించబోయి అధికారుల పగను కొనితెచ్చుకున్నారు. ఈ సంస్కరణల వెనక ఉన్నవాడు మాన్యుయెల్ అసాన్యా. రచయిత, మంచి వక్త, లావుపాటి మనిషి, పులిపిర్ల మొహం, ఎదుటివాళ్లను తేలిగ్గా చూసే స్వభావం. ఆయన అన్నవాటిలో చాలా మాటలు నిజమే. కానీ నిజం చెప్పడం వేరు, ఆ నిజానికి పదిమందిని ఒప్పించడం వేరు. రెండోదానికి ఆయన దగ్గర ఓపిక లేదు.

1933లో కుడిపక్షం గెలిచింది. 1934 అక్టోబరులో అస్తూరియాస్ బొగ్గుగని కార్మికులు డైనమైట్ పట్టుకుని తిరగబడ్డారు. వాళ్లను అణచడానికి మొరాకో నుంచి సైన్యాన్ని తెప్పించారు. ఆ పని మాడ్రిడ్‌లో కూర్చుని నడిపించినవాడు జనరల్ ఫ్రాన్సిస్కో ఫ్రాంకో. ఎన్నికల్లో ఓడిపోయాం కాబట్టి ఆయుధం పట్టుకుంటామని ఎడమపక్షంలో కొందరు తీసుకున్న ఆ నిర్ణయాన్ని నేను సమర్థించలేను. రెండేళ్ల తర్వాత జనరళ్లు అదే పని చేసినప్పుడు రిపబ్లిక్ గొంతులో కొంత బలం తగ్గింది. 1936 ఫిబ్రవరి 16న ఎడమపక్షాల కూటమి పాపులర్ ఫ్రంట్ స్వల్ప ఆధిక్యంతో గెలిచింది. ఆ రోజు నుంచే జనరళ్లు కుట్ర మొదలుపెట్టారు.

జూలై 17 సాయంత్రం మొరాకోలోని మెలిల్యా దండులో తిరుగుబాటు మొదలైంది. ఆ తర్వాతి రెండు రాత్రులు మాడ్రిడ్‌లో గడిచిన తీరు చదువుతుంటే చేతులు నలుపుకోవడం తప్ప ఏం చేయలేం. కసారెస్ కిరోగా జనానికి తుపాకులు ఇవ్వనన్నాడు, పద్దెనిమిదో తేదీ రాత్రి రాజీనామా చేశాడు. మార్తీనెస్ బార్రియో అనే మధ్యేమార్గపు పెద్దమనిషి తెల్లవారేలోగా మంత్రివర్గం కట్టి, తిరుగుబాటుకు సూత్రధారి అయిన జనరల్ మోలాకు టెలిఫోన్ చేశాడు. రక్తపాతం వద్దు, మాట్లాడుకుందాం అన్నాడు. మోలా ఒప్పుకోలేదు. మీరు మీవాళ్లను ఆపలేరు, నేను మావాళ్లను ఆపలేను అన్నది ఆయన జవాబు సారాంశం. తెల్లవారేసరికి ఆ ప్రభుత్వం కూడా పోయింది. ఫోన్‌లో ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుని ఒక దేశాన్ని కాపాడగలిగే చివరి అవకాశం ఆ రాత్రే అయిపోయింది.

తర్వాత వచ్చిన హొసే హిరాల్ కార్మికులకు తుపాకులు ఇమ్మన్నాడు. లారీల్లో దాదాపు 65 వేల తుపాకులు సంఘాల ఆఫీసులకు చేరాయి. తీరా చూస్తే బోల్టులున్నవి 5 వేలే. మిగతా బోల్టులు మోంతాన్యా బ్యారక్స్‌లో ఉన్నాయి. ఆ బ్యారక్స్ తిరుగుబాటుదారుల చేతిలో ఉంది. బోల్టు లేని తుపాకీ భుజాన వేసుకుని జనం ఆ బ్యారక్స్ చుట్టూ చేరి, జూలై 20న దాన్ని గెలిచారు. మాడ్రిడ్, బార్సెలోనా, వాలెన్సియా నిలబడ్డాయి. సెవిల్, సరగోసా, బూర్గోస్ పోయాయి. దేశం అడ్డంగా చీలింది.

తర్వాత తిరుగుబాటుకు నాయకుడైన ఫ్రాంకో గెలుపు అప్పుడే ఖాయమని చెప్పడానికి ఏమీ లేదు. ఆయన దగ్గరున్న అసలైన బలం ఆఫ్రికా సైన్యం. అది జలసంధికి అవతల, మొరాకోలో ఉంది. నౌకాదళంలో నావికులు అధికారులపైనే తిరగబడి ఓడలను రిపబ్లిక్ పక్షాన నిలిపారు. సైన్యం దాటే దారి మూసుకుపోయింది. ఆ దారిని తెరిచింది హిట్లర్. ఆయన పంపిన యుంకర్స్ విమానాలు ఆ సైన్యాన్ని గాల్లో దాటించాయి. ఒక సైన్యాన్నే విమానాల్లో మోసుకెళ్లడం ప్రపంచం అంతకు ముందెన్నడూ చూడలేదు. ముస్సోలినీ విమానాలు పంపాడు, ఆ తర్వాత మనుషులనూ పంపాడు. యుద్ధం ముగిసేలోగా స్పెయిన్‌కు వచ్చిన ఇటలీ సైనికులు 70 వేలకు పైమాటే.

ఇక రిపబ్లిక్ వైపు ఎవరు వచ్చారు? ఎన్నికైన ప్రభుత్వం, అంతర్జాతీయంగా గుర్తింపు పొందిన ప్రభుత్వం, ఖజానాలో బంగారమున్న ప్రభుత్వం డబ్బిచ్చి ఆయుధాలు కొనుక్కుంటానంది. ఫ్రాన్స్ ప్రధాని లియోన్ బ్లూమ్ మొదట సరేనన్నాడు. బ్రిటన్ మొహం చిట్లించింది, ఇంట్లోనూ గొడవలయ్యాయి. బ్లూమ్ వెనక్కి తగ్గాడు. జోక్యం చేసుకోరాదన్న ఒప్పందం మీద 27 దేశాలు సంతకం పెట్టాయి. సంతకం పెట్టినవాటిలో జర్మనీ, ఇటలీ కూడా ఉన్నాయి. 1936 సెప్టెంబరు 9న లండన్‌లో దాని కమిటీ మొదటిసారి కూర్చుంది. వాళ్లు లండన్‌లో కూర్చుని తీర్మానాలు రాస్తుంటే, అదే ఒప్పందం మీద సంతకం పెట్టిన దేశాల విమానాలు స్పెయిన్ ఊళ్ల మీద బాంబులు వేస్తున్నాయి. అమెరికా ఆయుధాల అమ్మకం ఆపేసింది. అమెరికన్ కంపెనీ టెక్సాకో మాత్రం ఫ్రాంకోకు అప్పు మీద చమురు పోసింది. అడిగిన వెంటనే మనస్ఫూర్తిగా తుపాకులు, తూటాలు పంపిన ప్రజాస్వామ్య దేశం మెక్సికో ఒక్కటే. స్టాలిన్ కూడా అమ్మాడు, కానీ ఆయన అమ్మకానికి రెండు ధరలు. ఒక ధర బంగారం. 1936 అక్టోబరులో కార్తహేనా రేవు నుంచి 510 టన్నుల బంగారం సోవియట్ యూనియన్‌కు బయల్దేరింది. రెండో ధర తర్వాత తెలిసింది.

ఈ గాథలో రిపబ్లిక్ చేతుల మీది రక్తాన్ని కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఇది కన్నీటి కథ అవుతుంది గానీ చరిత్ర కాదు. తిరుగుబాటు మొదలైన కొన్ని నెలల్లోనే రిపబ్లిక్ ఏలుబడిలోని ప్రాంతంలో ఇంచుమించు 7 వేల మంది చర్చి ఫాదరీలు, సన్యాసులు, సన్యాసినులు హత్యకు గురయ్యారు. మాడ్రిడ్ జైళ్ల నుంచి ఖైదీలను బస్సుల్లో ఎక్కించి పరాకుయేల్యోస్ దగ్గర గోతుల్లో కాల్చారు, వాళ్లు 2 వేలకు పైగా. అవతలి పక్షం బడహోస్‌లో, సెవిల్‌లో, పల్లెపల్లెనా చేసిన హత్యలు ఇంకా ఎక్కువ. ఆగస్టులో గ్రనాడా దగ్గర చంపినవాళ్లలో లోర్కా ఒకడు. ఇటీవలి చరిత్రకారుల లెక్క ప్రకారం యుద్ధరంగానికి దూరంగా రిపబ్లిక్ పక్షం చంపినవాళ్లు 50 వేల దాకా ఉంటే, ఫ్రాంకో పక్షం చంపినవాళ్లు లక్ష దాటారు. ఒక తేడా ఉంది. రిపబ్లిక్‌లో హత్యలు ప్రభుత్వం పట్టు తప్పినప్పుడు ఎక్కువగా జరిగాయి, పట్టు చిక్కాక తగ్గాయి. అవతలి వైపు చంపడమే పరిపాలనా పద్ధతి. భయపెట్టాలని మోలా ముందే ఆదేశాలు రాసి పంపాడు. ఈ తేడా చెప్పడం చంపినవాళ్లను క్షమించడానికి కాదు. తల్లికి బిడ్డ పోయాక ఈ తేడా ఏ పాటిదో తెలుసు.

1936 నవంబరు మొదటి వారానికి ఫ్రాంకో సైన్యం మాడ్రిడ్ పొలిమేరల్లో ఉంది. ఆరో తేదీ సాయంత్రం ప్రభుత్వం వాలెన్సియాకు బయల్దేరిపోయింది. పోతూ పోతూ మియాహా, పొసాస్ అనే ఇద్దరు జనరళ్ల చేతిలో రెండు సీలు కవర్లు పెట్టింది. మర్నాడు పొద్దున ఆరింటి దాకా తెరవొద్దని పైన రాసి ఉంది. శత్రువు గుమ్మంలో ఉంటే తెల్లారే దాకా ఆగడమేమిటని ఇద్దరూ వెంటనే చించి చూశారు. కవర్లు తారుమారయ్యాయి. ఒకరికి వెళ్లాల్సిన ఉత్తర్వు రెండోవారి కవర్లో ఉంది. చెప్పినట్టు ఆగి ఉంటే ఆ రాత్రంతా ఇద్దరూ తలో మూలన, తమ పని ఏమిటో తెలియకుండానే ఉండిపోయేవారు. మర్నాడు తెల్లారేసరికి మాడ్రిడ్ పోయేది. పోలేదు. మంగలివాళ్లు, ట్రాము కండక్టర్లు, దర్జీలు ట్రెంచిల్లోకి దిగారు. ఒకరి చేతిలో తుపాకీ ఉంటే, ఆయన పడిపోతే తీసుకోవడానికి ఇంకొకరు పక్కన వట్టి చేతులతో నిల్చున్నారు. ఆ రోజుల్లోనే అంతర్జాతీయ బ్రిగేడ్ల మొదటి దళం మాడ్రిడ్ వీధుల్లో నడిచింది. యుద్ధం మొత్తంలో 50కి పైగా దేశాల నుంచి అలా 35 వేల మంది దాకా స్వచ్ఛందంగా వచ్చారు. దేశాలు రాలేదు, మనుషులు వచ్చారు. ప్రభుత్వం వదిలిపోయిన ఊరిని ఆ ఊరివాళ్లు రెండేళ్ల నాలుగు నెలలు నిలబెట్టారు.

1937 ఏప్రిల్ 26, సోమవారం, గెర్నికా ఊళ్లో సంత రోజు. మధ్యాహ్నం నాలుగున్నరకు జర్మన్ కాండర్ లీజియన్ విమానాలు వచ్చాయి. మూడు గంటలకు పైగా బాంబులు కురిపించాయి, పారిపోతున్నవాళ్లను తక్కువ ఎత్తులో తరుముతూ మెషీన్ గన్లతో కాల్చాయి. ఊరిని అక్కడి బాస్కు ప్రజలే తగలబెట్టుకున్నారని ఫ్రాంకో పక్షం ప్రకటించింది. దశాబ్దాలపాటు అదే మాట మీద నిలబడింది. పికాసో బొమ్మ వల్ల ప్రపంచానికి గుర్తుండిపోయిన ఊరు ఇదొక్కటే. గుర్తులేనివి ఇంకెన్నో.

ఆ మే నెలలోనే బార్సెలోనాలో స్టాలిన్ రెండో ధర బయటపడింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఎవరి చేతిలో ఉండాలన్న తగువుతో అనార్కిస్టులు, కమ్యూనిస్టులు ఒకరినొకరు వీధుల్లో కాల్చుకున్నారు. తర్వాతి నెలలో, స్టాలిన్‌ను విమర్శించే మార్క్సిస్టు నాయకుడు అంద్రేవ్ నీన్‌ను సోవియట్ ఏజెంట్లు ఎత్తుకుపోయి చంపేశారు. శత్రువు ఎదురుగా ఉండగా ఒకే కందకంలో ఉన్నవాళ్లు వీపు చూసుకోవలసి వచ్చింది. ఇందులో నేరం ఎవరిదో నాకు అనుమానం లేదు. ఆయుధాలు అమ్మి, ఆ ఆయుధాల వంకన పోలీసు స్టేషన్లను కూడా కొనుక్కున్నవాళ్లది.

తర్వాతిదంతా నెమ్మదిగా, ఒక్కో ఊరుగా చావడమే. ప్రధాని అయిన హువాన్ నెగ్రీన్ శరీరధర్మ శాస్త్రం ప్రొఫెసరు, బాగా తినేవాడు, బాగా నవ్వేవాడు, లొంగనివాడు. యూరప్‌లో పెద్ద యుద్ధం రాక తప్పదు, వచ్చే దాకా నిలబడితే మనం ఒంటరివాళ్లం కాము అన్నది ఆయన లెక్క. ఆ లెక్క తప్పు కాదు, ఐదు నెలలు చాల్లేదు. ఊళ్లలో తిండికి కరువు. రోజూ అవే మసూరు పప్పులు. జనం వాటికి నెగ్రీన్ డాక్టరుగారి మాత్రలని పేరు పెట్టుకున్నారు. కూడబెట్టుకున్న బలమంతా తెరుయేల్ యుద్ధంలో, గడ్డకట్టే మంచులో పోయింది. 1938 ఏప్రిల్ 15న ఫ్రాంకో సైన్యం వినరోస్ దగ్గర సముద్రం చేరి రిపబ్లిక్‌ను రెండు ముక్కలు చేసింది. జూన్‌లో నెహ్రూ, కృష్ణమేనన్ బార్సెలోనా వెళ్లి, రాత్రిళ్లు బాంబులు పడుతున్న ఆ నగరాన్ని చూశారు. తనకే స్వాతంత్ర్యం లేని దేశం నుంచి వచ్చిన మనిషి వచ్చి భుజం తట్టాడు. స్వతంత్రమైన ప్రజాస్వామ్యాల ప్రధానులు ఆ పని చేయలేదు.

జూలై 18న, తిరుగుబాటుకు రెండేళ్లు నిండిన వేళ, అప్పటికి అధ్యక్షుడిగా ఉన్న అసాన్యా బార్సెలోనాలో మాట్లాడాడు. శాంతి, జాలి, క్షమ అన్న మూడు మాటలతో ముగించాడు. వారం తర్వాత రిపబ్లిక్ తన ఆఖరి పెద్ద యుద్ధానికి దిగింది. జూలై 25 అర్ధరాత్రి పడవల మీద ఎబ్రో నది దాటింది. ఆ యుద్ధం నడుస్తుండగానే మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ చెకోస్లొవేకియాలో ఒక భాగాన్ని హిట్లర్‌కు అప్పజెప్పాయి. పెద్ద యుద్ధం రాలేదు. నవంబరు 16న మిగిలినవాళ్లు నది ఇవతలకు తిరిగి వచ్చారు. రిపబ్లిక్‌కు ఇక సైన్యం లేదు.

1939 జనవరి 26న బార్సెలోనా పడిపోయింది. ఆ రోజుల్లో నాలుగున్నర లక్షలకు పైగా జనం ఫ్రాన్స్ సరిహద్దు వైపు నడిచారు. పరుపులు, కుట్టుమిషన్లు, కోళ్లు, ముసలివాళ్లు. బండ్ల మీద వేసుకున్నవి ఒక్కొక్కటే దారి పక్కన వదిలేస్తూ కొండలెక్కారు. కవి అంతోనియో మచాదో ఎనభై దాటిన తల్లితో చలిలో వానలో సరిహద్దు దాటాడు. కొలియూర్ అనే సముద్రతీరపు ఊళ్లో ఫిబ్రవరి 22న చనిపోయాడు. మూడు రోజులకు తల్లి కూడా పోయింది. మిగతావాళ్లను ఫ్రాన్స్ ప్రభుత్వం ఆర్జెలెస్, సెయింట్ సిప్రియన్ సముద్రపు ఇసుకలోకి తోలి చుట్టూ ముళ్లకంచె వేసింది. తలదాచుకోవడానికి పాక కూడా లేదు. చేతులతో ఇసుకలో గోతులు తవ్వుకుని వాటిలో పడుకున్నారు.

ఫిబ్రవరి 1 రాత్రి ఫిగెరస్ కోట నేలమాళిగలో పార్లమెంటు ఆఖరిసారి స్వదేశపు నేల మీద కూర్చుంది. వచ్చినవాళ్లు 62 మంది. నెగ్రీన్ అడిగినవి మూడే. పరాయి సైన్యాలు వెళ్లిపోవాలి, ప్రజలు తమ ప్రభుత్వాన్ని తాము ఎంచుకోవాలి, యుద్ధం అయ్యాక పగ తీర్చుకోకూడదు. మూడింట్లో ఒక్కటి కూడా దక్కలేదు. ఐదో తేదీ తెల్లవారుజామున అధ్యక్షుడు అసాన్యా కొండదారిన కార్లో బయల్దేరాడు. ముందు వెళుతున్న మార్తీనెస్ బార్రియో కారు దారిలో మొరాయించి అడ్డం పడింది. తిరుగుబాటు తొలి రోజుల్లో మోలాకు ఫోన్ చేసి బతిమాలిన ఆ మార్తీనెస్ బార్రియోనే, ఇప్పుడు పార్లమెంటు అధ్యక్షుడు. ప్రధాని నెగ్రీన్ దిగి తన చేతులతో నెట్టినా అది కదల్లేదు. దాంతో దేశాధ్యక్షుడు, ఆయన భార్య, పార్లమెంటు అధ్యక్షుడు, ప్రధాని చీకట్లో మంచు మీద జారుతూ నడిచి సరిహద్దు దాటారు. నెగ్రీన్ మాత్రం అవతలి దాకా సాగనంపి, మిగిలిన సగం రిపబ్లిక్ కోసం మళ్లీ స్పెయిన్‌కు తిరిగి వచ్చాడు. ఫిబ్రవరి 27న బ్రిటన్, ఫ్రాన్స్ ఫ్రాంకోను గుర్తించాయి.

మిగిలిన సగాన్ని చంపింది ఫ్రాంకో కాదు. మార్చి 5న రిపబ్లిక్ సైన్యపు కర్నల్ కసాదో మాడ్రిడ్‌లో నెగ్రీన్ మీద తిరుగుబాటు చేశాడు. సైనికుడికి సైనికుడు మర్యాదగా లొంగితే ఫ్రాంకో దయ చూపుతాడని నమ్మాడు. సోషలిస్టుల్లో అందరూ గౌరవించే ముసలి ప్రొఫెసర్ బెస్తెయిరో కూడా ఆయన పక్కన నిలబడ్డాడు. రెండున్నరేళ్లు ముట్టడిని తట్టుకున్న మాడ్రిడ్‌లో రిపబ్లిక్ సైనికులు రిపబ్లిక్ సైనికులనే కొన్ని రోజులపాటు కాల్చుకున్నారు. ఫ్రాంకో ఏ మర్యాదా చూపలేదు, బేషరతుగా లొంగమన్నాడు. మార్చి 28న మాడ్రిడ్ పోయింది. కసాదో బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కి వెళ్లిపోయాడు. బెస్తెయిరో పోనన్నాడు, మరుసటేడు కర్మోనా జైల్లో చనిపోయాడు. ఆయన నిజాయితీని నేను శంకించను. కానీ వేల మందిని ఓడలెక్కించేందుకు మిగిలిన కొద్ది వారాలు ఆ తిరుగుబాటుతోనే కాలిపోయాయి.

అందరూ అలికాంటే రేవుకు పరుగెత్తారు. ఓడలొస్తాయన్నారు. మార్చి 28 రాత్రి స్టాన్‌బ్రూక్ అనే పాత బ్రిటిష్ సరుకు ఓడ రేవులో ఉంది. నారింజపళ్లు, పొగాకు, కుంకుమపువ్వు ఎక్కించుకోవడానికి వచ్చిన ఓడ అది. కెప్టెన్ ఆర్చిబాల్డ్ డిక్సన్ గట్టు మీది జనాన్ని చూశాడు. సరుకు మానేసి మనుషులను ఎక్కించుకున్నాడు. 2,638 మంది. డెక్ మీద కూర్చోవడానికి కూడా చోటు లేదు, నీటి గీత మునిగిపోయింది. ఆ ఓడ అల్జీరియాలోని ఓరాన్ చేరింది. అదే ఏడు నవంబరులో ఉత్తర సముద్రంలో జర్మన్ సబ్‌మెరైన్ ఆ ఓడను ముంచేసింది, కెప్టెన్‌తో సహా ఎవరూ బతకలేదు.

స్టాన్‌బ్రూక్ వెళ్లాక అలికాంటేకు ఇంకా వేల మంది వచ్చారు. 15 వేల మంది అని అంచనా. గట్టు మీద మూడు రోజులు నిలబడ్డారు. దూరాన ఓడ కనిపించేది, జనం లేచి నిలబడేవారు, అది తిరిగి వెళ్లిపోయేది. మార్చి 30న ఇటలీ సైన్యం ఊళ్లోకి వచ్చింది. కొందరు గడియారాలు, తుపాకులు నీళ్లలోకి విసిరేశారు. కొందరు తమను తామే కాల్చుకున్నారు, కొందరు సముద్రంలో దూకారు. మిగిలినవాళ్లను ఊరి బయట బాదం తోటలోకి తోలారు. అప్పుడప్పుడే పిందె పట్టిన చెట్లవి. రెండు మూడు రోజుల్లో పచ్చి బాదం పిందెలన్నీ అయిపోయాయి. తర్వాత ఆకులు తిన్నారు, ఆ తర్వాత బెరడు. ఏప్రిల్ 1న ఫ్రాంకో యుద్ధం ముగిసిందని ప్రకటించాడు. అదే రోజు అమెరికా ఆయన ప్రభుత్వాన్ని గుర్తించింది.

ముగిసింది యుద్ధమే. ఫిబ్రవరిలోనే చేసిన ఒక చట్టం 1934 అక్టోబరు నుంచి రిపబ్లిక్ పక్షాన ఏం చేసినా నేరమేనంది. ఎన్నికైన ప్రభుత్వానికి కట్టుబడినవాళ్లను తిరుగుబాటు నేరం కింద విచారించి, వేల మందిని కాల్చి చంపారు. కాటలోనియా అధ్యక్షుడు కొంపనీస్‌ను ఫ్రాన్స్‌లో జర్మన్లు పట్టుకుని అప్పగించారు, 1940 అక్టోబరు 15న బార్సెలోనాలోని మొంజుయిక్ కోటలో కాల్చారు. ఫ్రాన్స్‌లో మిగిలినవాళ్లలో 7 వేల మందికి పైగా మౌథౌజెన్ చావు శిబిరానికి చేరారు, ఎక్కువమంది అక్కడే పోయారు. అసాన్యా 1940 నవంబరు 3న మాంటబాన్‌లో చనిపోయాడు. శవపేటిక మీద రిపబ్లిక్ జెండా కప్పడానికి వీల్లేదని ఫ్రాన్స్ అధికారి అన్నాడు. మెక్సికో రాయబారి తమ దేశపు జెండా కప్పించాడు. తుపాకులు పంపిన దేశమే ఆఖరికి జెండా కూడా ఇచ్చింది.

హ్యూ థామస్ పుస్తకంలో లోపాలు లేకపోలేదు. ఆయనకు రాయబార కార్యాలయాలు, మంత్రివర్గాలు తెలిసినంతగా పల్లె కూలీ ఇల్లు తెలియదు. ప్రభుత్వ కాగితాలు ఇంకా తెరుచుకోని రోజుల్లో రాసినందువల్ల తర్వాతి ముద్రణల్లో చాలా దిద్దుకోవలసి వచ్చింది. నడివయసులో ఆయన బ్రిటిష్ ప్రధాని థాచర్ పక్షాన చేరాడు, ప్రభువుల సభలో కూర్చున్నాడు. యువకుడిగా తను రాసిన పుస్తకం చూపే జాలి ఆ రాజకీయాలకు లోబడలేదు. పాల్ ప్రెస్టన్‌లాంటి తర్వాతి చరిత్రకారులు ఆయన దాటలేకపోయిన గడపలు దాటారు. అయినా ఇన్ని గొంతులను ఒక్క సంపుటంలో నిలిపి, ఎవరి శవాన్నీ లెక్క తప్పించకుండా చెప్పిన మొదటి మనిషి ఆయన. 2017లో చనిపోయాడు.

ఫ్రాంకో 1975 నవంబరు 20న ఆస్పత్రి మంచం మీద, ముసలితనంలో పోయాడు. 1977లో చేసిన క్షమాభిక్ష చట్టం రాజకీయ ఖైదీల జైలు తలుపులు తెరిచింది, చంపినవాళ్ల మీద విచారణ తలుపును మూసేసింది. రోడ్ల పక్కన, శ్మశానాల గోడల వెనక గోతుల్లో పూడ్చిన లక్ష మందికి పైగా మనుషుల ఆచూకీ ఇంకా తేలవలసి ఉందని 2008లో ఒక స్పెయిన్ న్యాయమూర్తి లెక్క తీశారు. వాళ్లను వెతకడం ప్రభుత్వం బాధ్యతేనని చట్టం ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది. లోర్కా ఎముకలు ఇప్పటికీ దొరకలేదు.

స్పెయిన్ యుద్ధం అనగానే మనలో చాలామంది గెర్నికా బొమ్మ దాకా వెళ్లి ఆగిపోతాం. ఆ బొమ్మ చూసినవాళ్లు దయచేసి అలికాంటే రేవు దాకా, ఆ బాదం తోట దాకా చదవండి.